జగ్గమ్మ గొంతు, వెర్షన్ 1.4.2

బరంపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ లాబు తలుపు తీసేదీ వేసేదీ పద్మిని. పందొమ్మిదేళ్ళుగా అదే పని. ఉద్యోగం పేరు అటెండరు. పొద్దున్న తొమ్మిదిన్నరకు తాళం తీయడం, ఊడవడం, ఇరవై నాలుగు కంప్యూటర్ల మీద దుమ్ము తుడవడం, సాయంత్రం అన్నీ ఆపేసి మళ్ళీ తాళం వేయడం. మధ్యలో తలుపు పక్కన స్టూలు మీద కూర్చోవడం. ఆఫీసు కాగితాల్లో ఇంతే ఉంటుంది. ఆ స్టూలు మీద కూర్చుని ఆవిడ ఏం నేర్చుకుందో రాయడానికి ఆ కాగితాల్లో గడి లేదు.

మొదట్లో కాలక్షేపానికే మొదలుపెట్టింది. మేష్టార్లు పిల్లలకి లినక్స్ చెబుతుంటే వెనకనుంచి వినడం, బోర్డు మీద రాసినదాన్ని ఒక నోటుబుక్కులో ఎక్కించుకోవడం. ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లో, వాటి అర్థం తెలుగులో. ఆ తెలుగు మాత్రం ఒడియా అక్షరాల్లో. పద్మిని ప్లస్ టూ దాకా చదివింది ఒడియా బడిలోనే. నోటికి తెలుగు, చేతికి ఒడియా. ఒడిశాలోని ఈ గంజాం జిల్లాలో మన తెలుగువాళ్ళు చాలామంది ఇలాగే రాస్తారు కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతల్లా ఆ పుస్తకంలో ఉన్న మాటలే. ఒక పేజీలో ఇలా ఉంది: "ఇది కొడితే ప్యాకేజీ దిగుతాది. దిగే ముందు ఏటేటి తీసెస్తానంటాదో సదువు. సదవకుండా ఎస్ కొట్టినోడు ఎదవ."

ఇలాంటి పేజీలు రెండు వందల పైన ఉన్నాయి. ఓసారి ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎనిమిది కంప్యూటర్లు ఒకేసారి మొరాయించాయి. నేర్పే సారు సెలవులో ఉన్నాడు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు గడియారం చూసుకుంటున్నాడు. పద్మిని చీపురు గోడకి ఆనించి, ఖాతా తెరిచి (ఇక్కడ నోటుబుక్కును ఖాతా అంటారు) ఒక్కొక్క కంప్యూటర్ ముందూ నిలబడి నాలుగు వరుసలు కొట్టుకుంటూ పోయింది. ఇరవై నిమిషాల్లో ఎనిమిదీ లేచాయి. పరీక్షకుడు "థాంక్యూ మేడమ్" అన్నాడు. ఆ ఏడాదంతా లాబులో పిల్లలు ఆవిడని మేడమ్ అనే పిలిచారు, తర్వాత మరిచిపోయారు. పద్మిని మాత్రం మరిచిపోలేదు. ఎందుకు మరిచిపోతుంది?

పద్మిని పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ గోపాల్‌పూర్‌లోనే, సముద్రం ఒడ్డున మన చేపలవాళ్ళ వీధిలో. మొగుడు వేణు గోపాల్‌పూర్‌కీ బరంపురానికీ మధ్య ఆటో తోలుతాడు. తల్లి జగ్గమ్మ ఒడ్డున చేపల వేలంపాట పాడే మనిషి. జగ్గమ్మ పాట మొదలుపెడితే హోటళ్ళ దగ్గర పడుకున్న కుక్కలు లేచి కూర్చుంటాయని వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకోవడమేమిటి, నిజంగానే కూర్చుంటాయి.

ఆ గొంతు వల్లే ఈ కథంతా. అయిదేళ్ళ క్రితం సుమిత్ అనే కుర్ర మేష్టారు ఆ లాబులో మూడేళ్ళు పనిచేశాడు. పద్మిని ఖాతా చూసి ముచ్చటపడి, మీ ఊరికి పనికొచ్చేది ఏదైనా చేద్దామన్నాడు. సముద్రం ఎలా ఉంటుందో వాతావరణ కేంద్రం రోజూ నెట్‌లో చెబుతుంది గాని అది ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని తీసుకుని మన మాటల్లో మైకులో చెప్పే మిషను ఉంటే బాగుంటుందని పద్మిని అంది. కాలేజీ పారేసిన కంప్యూటర్ ఒకటి మత్స్యకారుల సంఘం గదికి చేరింది. జగ్గమ్మని కూర్చోబెట్టి రెండు వందల పన్నెండు మాటలు రికార్డు చేశారు. అంకెలు, దిక్కులు, గాలి, అల, వాన, ఎల్లండి, ఎల్లకండి. పొద్దున్న అయిదింటికీ సాయంత్రం అయిదింటికీ మిషను వార్త చదువుకుని, తగిన మాటలు ఏరి, వరసగా అతికి, వీధి స్తంభాల మీది నాలుగు హారన్లలో వినిపిస్తుంది. అంకెలు మాత్రం వేలంపాట ధోరణిలోనే వస్తాయి. గాలి వేగం యాభై అని చెబితే ఎవరో కొనేలా ఉంటుంది.

ఆ మాటలు అతికేది ఒక ప్యాకేజీ, అంటే నెట్ నుంచి దింపుకునే ప్రోగ్రాము. దాని వెర్షన్ 1.4.2. పద్మిని ఖాతాలో ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో గుండ్రం ఉంది.

ఇంతకీ మిషను ఎందుకు? మైకు పట్టుకుని మనిషే చదవొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది మన వీధి సంగతి. సముద్రం మీదకి మొదట వెళ్ళినవాడికి మంచి చేప, మొదట తిరిగొచ్చినవాడికి మంచి ధర. కాబట్టి ఎవడైనా మైకులో "రేపు ఎల్లకండి" అంటే, అందరూ ముందు చూసేది ఆకాశం కాదు, వాడి పడవ ఏ వైపు ఉందా అని. ఒక ఏడాది ఒకాయన గాలి వస్తుందని అందరినీ ఆపి తను తెల్లారకుండా వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మనిషి మాట మీద నమ్మకం పోయింది. ఫోన్లలో వచ్చే కబుర్లు చెప్పనే అక్కర్లేదు, పది ఫోన్లలో పది సముద్రాలు. సంఘం పెద్ద నరసన్న ఒకటే మాట అనేవాడు: "మిషనుకి పడవ లేదు. అది సెప్పింది ఇనండి." అందరూ వింటున్నారు. అయిదేళ్ళుగా ఆ వీధిలో పడవ తిరగబడలేదు.

ఇక మొన్న జూన్ మాట.

ఏప్రిల్ నడిమి నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపల వేట నిషేధం. రెండు నెలలు పడవలన్నీ ఇసుక మీదే. నిషేధం తీరే ముందురోజు గంగమ్మకి పూజ. ఆ పూజకి మన వీధిలో ఒక కట్టుబాటు ఉంది: పాత మురికితో గంగమ్మ ముందుకు వెళ్ళకూడదు. పడవకి కొత్త రంగు, లంగరుకి కొత్త తాడు, వలలు ఉతికి ఆరేయాలి, ఇంజను విప్పి కడగాలి, ఆఖరికి టార్చిలైటులో బ్యాటరీలు కూడా కొత్తవి వేయాలి. సంఘం గుమాస్తా శ్యామసుందర్ భక్తి కలవాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఏ పనైనా ఒకటికి రెండుసార్లు చేస్తాడు. అన్నీ కొత్తవి అవుతుంటే మిషను ఒక్కటే ఎందుకు పాతగా ఉండాలని అతనికి అనిపించింది. తెర మీద "అప్‌డేట్లు ఉన్నాయి" అని అయిదేళ్ళుగా అడుగుతూనే ఉంది. పాపం అడుగుతోంది కదా అని, స్నానం చేసి వచ్చి, కంప్యూటర్‌కి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అన్నిటికీ సరే అని నొక్కేశాడు. పాత ఫైళ్ళు తుడిచేయమంటారా అంటే తుడిచేయమన్నాడు. ఇకమీదట నేనే చూసుకోనా అని అది అడిగితే దానికీ సరే అన్నాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పదమూడో తారీకు సాయంత్రం అయిదింటికి హారన్లు గుయ్యిమని ఊరుకున్నాయి. పూజ హడావిడిలో కరెంటు సరిగా లేదేమో అనుకున్నారు. పద్నాలుగు పొద్దున్న కూడా గుయ్యిమంది. అప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముట్టుకున్నది ఎవరంటే ఎవరూ కాదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. చివరికి శ్యామసుందరే పద్మిని ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, నాను మంచికే సేసినాను" అన్నాడు.

పద్మిని సంఘం గదికి వెళ్ళేసరికి పదయింది. ఆ రోజు వార్త ముందు తన ఫోన్‌లో చదివింది. రేపు తెల్లవారుజాము నుంచి దక్షిణపు గాలి, గంటకి నలభై అయిదు నుంచి యాభై అయిదు కిలోమీటర్లు, ఒక్కోసారి అరవై అయిదు దాకా. సముద్రం మీదకి వెళ్ళరాదు. చదివి ఫోను పక్కన పెట్టింది. బయట అరవై మూడు పడవలు కొత్త రంగులో మెరుస్తున్నాయి. అర్ధరాత్రి పన్నెండుకి నిషేధం తీరుతుంది. రెండు నెలలు పస్తున్న వీధి ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగదు. అన్నిటికన్నా ముందు నిలబెట్టిన పడవ తమ్ముడు ప్రేమ్‌ది. జీవితంలో వాడికి మొదటి సొంత పడవ, దానికి ఇదే మొదటి ప్రయాణం.

"ప్రేమూ, రేపు గాలుంది" అంది పద్మిని.

"ఎవులు సెప్పినారు?"

"నాను సెప్తన్నాను."

"నువ్వు నా అప్పవి. నా మీద బెంగతో సెప్తావు. ఆ పక్క పడవోడు ఆగుతాడేటి? ఆడు ఎల్తే నానూ ఎల్తాను" అన్నాడు ప్రేమ్, తాడు చుట్టుకుంటూ.

నరసన్న స్వయంగా మైకు పట్టుకుని చెప్పి చూశాడు. జనం విన్నారు, తల ఊపారు, నరసన్న అల్లుడి పడవలో డీజిలు పోస్తున్నారా లేదా అని చూసి వచ్చారు. పోస్తున్నారు. ఇక అంతే. సాయంత్రం అయిదింటి వార్త అయ్యాకే పడవల్లో ఐసు ఎక్కిస్తారు. ఐసు ఎక్కిన పడవని ఆపినవాడు ఆ ఒడ్డున ఇంతవరకు పుట్టలేదు. అయిదింటికి మిషను మాట్లాడాలి. మాట్లాడకపోతే అరవై మూడు పడవలూ ఆ గాలిలోకి వెళ్తాయి.

కూర్చుని చూసింది. జరిగింది అర్థం కావడానికి పావుగంట పట్టింది. 1.4.2 పోయి దాని చోట 2.0 వచ్చింది. కొత్తది పాత పద్ధతిలో రికార్డు చేసిన మాటల్ని గుర్తుపట్టదు. జగ్గమ్మ మాటలు రెండు వందల పన్నెండూ డిస్కులో భద్రంగానే ఉన్నాయి, చదివే నాథుడే లేడు. మళ్ళీ రికార్డు చేసి, మళ్ళీ పేర్లు పెట్టి, మళ్ళీ అల్లాలంటే వారం పని. పాత వెర్షనే కావాలి. ఇన్‌స్టాల్ ఆదేశం రాసి, ప్యాకేజీ పేరు పక్కన సమానం గుర్తు పెట్టి, దాని పక్కన 1.4.2 అని కొట్టింది. ఆ వెర్షన్ దొరకలేదని జవాబొచ్చింది. ప్యాకేజీలు దిగే సర్వర్‌లో కొత్తది పెట్టినప్పుడు పాతది తీసేశారు. మిషను తన దగ్గర దాచుకున్న పాత ప్యాకేజీల పెట్టె చూసింది. ఖాళీ. శ్యామసుందర్ భక్తితో కడిగేశాడు. సుమిత్‌కి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. రెండుసార్లు చేసి మానేసింది.

పన్నెండు దాటింది. జగ్గమ్మ గంజి పట్టుకొచ్చి కూతురి పక్కన పెట్టింది.

"ఏటైనాదే?"

"నీ గొంతు చదివే పాత ప్యాకేజీ కావాలమ్మా. ఇక్కడ లేదు. కొత్తదానికి నీ మాట ఎక్కదు."

"కొత్త వల కన్ను ఏరు, పాత వల కన్ను ఏరు. అతుకు పడదు. నాకు తెలీదేటి" అంది జగ్గమ్మ. "అయినా పాత వల ఎవులు పారెస్తారే? బీరపాదుకి కంచె కడతారు. ఎవుల దొడ్లోనో ఉంటాది, ఎతుకు."

పద్మిని గంజి ముంత నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. ఈ మిషను కాలేజీ నుంచి వచ్చింది. దీనితో పాటు కొన్న కంప్యూటర్లు ఇరవై నాలుగు. అందులో పదిహేడో నంబరు మీద సుమిత్ ఈ పనంతా మొదట చేసి చూసుకున్నాడు. అది పాడైందని తుక్కు కింద రాసేశారు గాని, ఎవరూ తీసుకెళ్ళలేదు. లాబు మూలన ఉంది. దుమ్ము పడకుండా తన పాత చీర కప్పింది తనే.

"వేణూ, ఆటో తియ్" అంది.

కాలేజీకి వేసవి సెలవులు. వాచ్‌మన్ ఒడియాలో ఏదో అడిగితే ఒడియాలోనే ఏదో చెప్పి లోపలికి వెళ్ళింది. పదిహేడో నంబరు మీద చీర తీసి మీట నొక్కింది. అది మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగింది. తెర మీద తారీకు పాతికేళ్ళ కిందటిది చూపించింది. చూపించనీ. పద్మినికి కావలసింది తారీకు కాదు. ప్యాకేజీల పెట్టె తెరిచింది. వరసలు వరసలుగా ఉన్నాయి. కిందికి జరుపుతూ వెళ్తే 1.4.2 అక్కడే ఉంది, అయిదేళ్ళుగా ఎవరూ పలకరించకుండా.

పద్మిని ఒక్కర్తీ ఉన్న గదిలో గట్టిగా నవ్వింది. బయటున్న వేణు ఏమైందోనని లోపలికి వచ్చాడు.

"పెన్‌డ్రైవ్ ఇయ్యి" అంది.

"అందులో పాటలున్నాయి."

"పాటలు ఈ కంప్యూటర్‌లో పెడతాను. ఇయ్యి."

"ఒకటి రెండు ఫైళ్ళకి నా పాటలన్నీ తీసెయ్యాలేటి?" అన్నాడు వేణు.

న్యాయమైన ప్రశ్నే. ఒక్క 1.4.2 అయితే చిటికెలో పట్టేది. కాని పద్మిని ఖాతాలో ఇంకో పేజీ ఉంది: "ప్యాకేజీ ఒక్కర్తీ రాదు. తోడు పెళ్ళికూతుళ్ళు ఉంటారు. అందర్నీ పిలవకపోతే పెళ్ళి ఆగిపోద్ది." ఆ పేజీ రాసిన రోజున ఏదో ఒక ప్యాకేజీ ఆవిడని మూడు గంటలు ఏడిపించింది. అందుకే ఇప్పుడు ఏది అవసరమో ఏది కాదో ఏరుతూ కూర్చోలేదు. పెట్టె పెట్టెనే పెన్‌డ్రైవ్‌కి ఎత్తేసింది. పదిహేడో నంబరు ముసలిది కావడంతో ఎత్తడానికి గంట పట్టింది. ఆ గంటసేపు వేణు తన పాటలు ఏ మూల పెట్టారో చూపించమని రెండుసార్లు అడిగాడు.

తిరిగి గోపాల్‌పూర్ చేరేసరికి మూడున్నర. సంఘం గది నిండా జనం. నరసన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పద్మిని నెట్ డాంగిల్ ఊడదీసి పక్కన పెట్టి పని మొదలుపెట్టింది. పాతదాన్ని ఎక్కించమంటే మిషను అభ్యంతరం చెప్పింది. వెనక్కి వెళ్తున్నారు, నిజమేనా అని అడిగింది. ఇదివరకు రాసుకున్నట్టే, ఏమేం తీసేస్తానంటోందో పై నుంచి కింది దాకా చదివింది. అది అడిగిన తోడు పెళ్ళికూతుళ్ళు ముగ్గురు. ముగ్గురూ పెన్‌డ్రైవ్‌లో ఉన్నారు. ఎస్ కొట్టింది. వరసలు పరుగెత్తాయి. ఆగాయి. వెర్షన్ ఏమిటో చెప్పమంది. 1.4.2 అంది.

ఒక్క మాట వినిపించమంది. "అల" అంది మిషను, జగ్గమ్మ గొంతుతో.

గదిలో ఈలలు పడ్డాయి. శ్యామసుందర్ కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగూ ఇరవైకి పద్మిని వార్త దిగడానికి నెట్ డాంగిల్ పెట్టి, గొంతు ఎండిపోతే టీ తాగడానికి బయటికి వచ్చింది. లోపలికి వెళ్ళి, మరొక్కసారి చూద్దామని ఒక మాట అడిగింది. మిషను గుయ్యిమంది.

వెర్షన్ చూసింది. 2.0.

గోరుచుట్టు మీద రోకటిపోటు. శ్యామసుందర్ పూజ రోజున "ఇకమీదట నేనే చూసుకోనా" అన్నదానికి సరే అన్నాడు కదా. నెట్ దొరకగానే అది చూసుకుంది. పద్మిని నాలుగు గంటల కష్టం అది నాలుగు నిమిషాల్లో కొత్తది చేసి పెట్టింది.

"అయిపోనాది, ఐసు ఎక్కించుకోండి" అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు కదిలారు. గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది.

నరసన్న లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పద్దమ్మా, అవుతాదా అవదా? ఒక్క మాట సెప్పు."

"అవుతాది పెదనాన్నా" అంది పద్మిని, వెనక్కి తిరగకుండా.

కోపం వచ్చింది ఆవిడకి. శ్యామసుందర్ మీద కాదు, మిషను మీదా కాదు. తన మీదే. తలుపు మూసి గడియ పెట్టకుండా వచ్చేసినదానికి పందొమ్మిదేళ్ళ అటెండరు ఉద్యోగం ఎందుకు? డాంగిల్ పీకింది. మళ్ళీ 1.4.2 ఎక్కించింది, ముగ్గురు పెళ్ళికూతుళ్ళతో సహా. ఈసారి దానితో ఆగలేదు. హోల్డ్ అనే ఆదేశం కొట్టి ఆ నాలుగు ప్యాకేజీల పేర్లూ పక్కన రాసింది. అంటే ఈ నాలుగూ ఎవరు చెప్పినా కదలకూడదు, పైనుంచి సర్వర్ వచ్చి అడిగినా సరే. హోల్డ్‌లో ఉన్నాయని మిషను చెప్పింది. దానంతటదే కొత్తవి ఎక్కించుకునే ఏర్పాటు కూడా తీసేసింది. అప్పుడు డాంగిల్ పెట్టింది. నాలుగూ యాభై నాలుగు. వెర్షన్ చూసింది. 1.4.2. ఒక నిమిషం ఆగి మళ్ళీ చూసింది. 1.4.2. వార్త దిగింది. మిషను మాటలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"అమ్మా, హారన్లు" అంది పద్మిని. జగ్గమ్మ వెళ్ళి స్విచ్ వేసింది.

అయిదు గంటలకి వీధి నాలుగు మూలలా జగ్గమ్మ గొంతు లేచింది. హోటళ్ళ దగ్గర కుక్కలు లేచి కూర్చున్నాయి. "రేపు. దక్షిణం. గాలి. గంటకి. నలభై అయిదు. యాభై అయిదు. అరవై అయిదు" అంది, ఒక్కొక్క అంకెకీ ధర పెంచుతూ. ఎవరూ నవ్వలేదు. "అల. ఎత్తు. సముద్రం మీదకి. ఎల్లకండి. ఎల్లకండి. ఎల్లకండి."

ఐసు బండి దగ్గర నిలబడ్డవాళ్ళు పక్కవాళ్ళ పడవల వైపు చూడలేదు. స్తంభం మీది హారన్ వైపు చూశారు. మొదట కదిలింది ప్రేమ్. పొద్దుటి నుంచీ వాడి పడవే ముందు నిలబడి ఉంది, అందరూ వాడినే చూస్తున్నారు. వాడు లంగరు తీసి, మనుషుల్ని పిలిచి, కొత్త పడవని ఇసుక మీదకి ఇంకో ఇరవై అడుగులు పైకి లాగించాడు. దాని వెనక రెండోది లేచింది, మూడోది లేచింది. నరసన్న అల్లుడు పోసిన డీజిలు మళ్ళీ డబ్బాల్లోకి దింపుకున్నాడు.

జగ్గమ్మ కొడుకు దగ్గరికి వెళ్ళి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఇరవై ఎనిమిదేళ్ళు ఇంట్లో సెప్పినాను, ఒక్కసారి ఇన్నావా? స్తంభం ఎక్కి సెప్తే ఇన్నావు" అంది. ప్రేమ్ నవ్వేశాడు. పద్మిని గది గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. సంతోషం పట్టలేక ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక, శ్యామసుందర్‌ని పిలిచి, ఎస్ కొట్టే ముందు చదవాలని పావుగంట క్లాసు పీకింది. అతను బుద్ధిగా నిలబడి విన్నాడు.

పదిహేనో తారీకు తెల్లవారుతుండగా గాలి మొదలైంది. పొద్దెక్కేసరికి సముద్రం ఒడ్డు కనపడకుండా నురగ లేచింది. హోటళ్ళ ముందు రేకులు ఎగిరిపోయాయి. మన వీధి జనమంతా ఇసుక మీదకి వచ్చి, మొహాలకి గుడ్డలు కట్టుకుని, పడవల్ని లెక్కపెట్టారు. అరవై మూడు. ఇంకోసారి లెక్కపెట్టారు. అరవై మూడూ ఒడ్డునే ఉన్నాయి, ఒక్క మనిషీ తగ్గలేదు.

ఆ గాలి రెండు రోజులు ఉంది. పదిహేడు పొద్దున్నకి సముద్రం చల్లబడింది. తెల్లవారుతోంది. మగవాళ్ళందరూ పడవల పక్కన చేతులు ఆనించి నిలబడ్డారు గాని ఒక్కడూ తొయ్యలేదు. అయిదు కావడానికి ఇంకా కొంచెం ఉంది. నరసన్న సంఘం గది వైపు నడిచి వచ్చి, అందరికీ వినపడేలా అడిగాడు.

"పద్దమ్మా, ఏటంటాది? ఎల్లొచ్చా?"

పద్మిని తెర మీద వార్త చదివింది. గాలి పదిహేను. అల తక్కువ. ఆవిడ అవునన్నట్టు తల ఊపింది. హారన్లలో జగ్గమ్మ గొంతు "సముద్రం మీదకి. ఎల్లండి" అనేసరికి నరసన్న అప్పటికే ఒడ్డు వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తాడు.

"పద్దమ్మ ఎల్లమంది. తొయ్యండి" అని అరిచాడు.

అరవై మూడు పడవలూ ఒకేసారి నీళ్ళలోకి దిగాయి.